మా ఇంటి ప్రయోగశాల

మానవునికి ఆకలిదప్పులు ఎంత సహజమో, చేతికి అందిన వస్తువును విప్పి చూడవలెననే కోరికయు అంతే సహజము. పసిబిడ్డ గిలకను ఊపి సంతోషించేది కొద్ది రోజులే; ఆ పిమ్మట దానిలో మ్రోగుతున్నది ఏమిటో తెలుసుకొనుటకు దానిని నేలకేసి కొడతాడు. చాలామందిలో ఈ కోరిక వయసుతోపాటు చల్లారిపోతుంది. కొందరిలో మాత్రం చల్లారదు. వారి ఇండ్లలో గడియారాలకు వెనుక మూతలుండవు; రేడియోలకు ముందు పలకలుండవు; బియ్యపు డబ్బాలో మరలు, పప్పు డబ్బాలో తీగముక్కలు దొరుకుతాయి. మా ఇల్లు అట్టి ఇల్లు. మేము అన్నదమ్ములము ఇద్దరము. మా ఇద్దరి చేతులకు చిన్ననాటి నుండి ఇదే పని. ఈ వార్షిక సంచికకు మా అభిరుచిని గూర్చి వ్రాయమని కోరగా, సరదా ముచ్చట్లతో నాలుగు పుటలు నింపవచ్చునని మొదట అనుకొన్నాము. కాని కలము పట్టిన తరువాత, సరదాతోపాటు ఒక అప్పును గూర్చి కూడ చెప్పక తప్పదని తోచినది.

మేము పెరిగినది ఉప్పల్‌లో. నేడు ఆ పేరు వినగానే అందరికీ క్రికెట్ మైదానము, మెట్రో రైలు జ్ఞాపకము వస్తాయి. మైదానములో తొలి అంతర్జాతీయ పోటీ జరిగినది 2005లో. మెట్రో వచ్చినది 2017 నవంబరులో. మా బాల్యములో ఈ రెండూ లేవు. సగము పల్లె, సగము పట్నము అయిన ఊరు మాది. ఒక వైపు చెరువు, పొలాలు, గేదెల మందలు; మరొక వైపు నాచారం కర్మాగారాల సైరన్లు. మా తండ్రిగారు నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఉదయము సైకిలుపై పోయి సాయంకాలము తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతులకు లేతు యంత్రపు నూనె వాసన ఉండేది. ఆ వాసనే మాకు విజ్ఞానశాస్త్రపు తొలి పాఠము అనుటలో అతిశయోక్తి లేదు.

అంతేకాక, మా చుట్టూ ఉన్న నేల అంతా శాస్త్రజ్ఞుల నేల. హబ్సిగూడ నుండి ఉప్పల్‌కు వచ్చే దారిలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. దానికి సమీపముననే 1977లో ప్రారంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము. నాచారం, మల్లాపూర్ దాటి ఉత్తరమునకు పోతే 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. ఆ సంస్థవారు 1969లోనే టి.డి.సి.-12 అనే కంప్యూటరును మన దేశములో తయారుచేసినారు. 1975-76లో అమెరికావారి ఉపగ్రహము ద్వారా మన ఆరు రాష్ట్రాలలో 2400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు చూపినప్పుడు, ఆ గ్రామాలలో నిలిపిన సెట్లు ఇ.సి.ఐ.ఎల్. చేసినవే. ఇక దూరదర్శన్ కేంద్రము మాకు పొరుగుననే, రామంతపూర్‌లో. ఈ గోడల లోపల ఏమి జరుగుతున్నదో మాకు తెలియదు. కాని ఆ గోడల ప్రక్క నుండి బడికి నడిచిపోయే పిల్లలకు, లోకములోని ప్రతి వస్తువుకూ లోపల ఒక రహస్యమున్నదనీ, దానిని తెలిసికొనుట మనుష్యులు చేసే పనియే అనీ మాత్రము తెలిసినది.

మా ప్రయోగశాల నిజమునకు ఒక గది కాదు. రేకుల ఇంటి వరండాలో ఒక మూల, తండ్రిగారు తెచ్చిన చెక్కపెట్టె బల్ల, దానిపై ఒక టెస్టరు, కటింగ్ ప్లయరు, పాతికవాట్ల సోల్డరింగ్ ఐరన్, టంకపు తీగ చుట్ట. ఇంతే. నెలకొకసారి బస్సెక్కి కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయేవారము. అక్కడ ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కండెన్సర్లు అంగళ్ళ ముందు గింజల వలె కుప్పలుగా ఉండేవి. రెసిస్టరుపై గల రంగు గీతలను చదువుట మాకు అక్షరాభ్యాసము వంటిదే. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎరుపు రెండు అని పద్యము వలె వల్లించేవారము. జేబులోని డబ్బును బట్టి రెండు ట్రాన్సిస్టర్లు కొని, మిగిలిన పైసలతో ఒక ఇరానీ చాయ్‌ను ఇద్దరము పంచుకొని త్రాగి వచ్చేవారము.

మేము మొట్టమొదట విప్పినది మా ఇంటి వాల్వు రేడియో. దానిని వెలిగించిన తరువాత లోపలి గాజు దీపాలు ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు గాని కంఠము వచ్చేది కాదు. ఆ కాలములో రేడియో ఇంట పెట్టుకొనుటకు తపాలా కార్యాలయములో రుసుము కట్టి లైసెన్సు పుస్తకము తీసికొనవలసి ఉండేది. ఆ పద్ధతి 1980ల నడిమి వరకు సాగినది. 738 కిలోహెర్ట్‌జ్‌పై హైదరాబాదు కేంద్రము పగలంతా చక్కగా వినవచ్చేది. రాత్రి అయితే షార్ట్‌వేవ్‌పై సిలోన్ వినవలెననే ఆరాటము. 1972లో ఆ కేంద్రము పేరు శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌గా మారినా, మా వాడలో అందరికీ అది సిలోనే. అమీన్ సయానీగారి కంఠము అలలపై పడవ వలె తేలుతూ, మునుగుతూ వచ్చేది. అలా ఎందుకు మునుగుతున్నదని అడిగితే, ఆ తరంగాలు ఆకాశములోని విద్యుదావేశపు పొరకు తగిలి క్రిందికి దిగుతాయనీ, ఆ పొర రాత్రింబవళ్ళు మారుతూ ఉంటుందనీ బడిలో సైన్సు మాస్టరుగారు చెప్పినారు. ఆ రాత్రి మేము రేకులపై రెండు వెదురు కర్రలు నాటి, వాటి నడుమ రాగి తీగ కట్టినాము. సిలోన్ మునుపటికంటె స్పష్టముగా వినిపించినది. లోకమును జయించినంత సంతోషము కలిగినది.

క్రమముగా మా కీర్తి గల్లీ దాటినది. ప్రక్క ఇంటిలో ఒక ఖాలా ఉండేవారు. ఆమెకు ఆకాశవాణిలో సాయంకాలము వచ్చే ఉర్దూ కార్యక్రమము ‘నైరంగ్’ వినకుండ రోజు గడిచేది కాదు. ఆమె ట్రాన్సిస్టరులో గరగర శబ్దము వస్తున్నదని తెచ్చి ఇచ్చినారు. వాల్యూమ్ కంట్రోలులో పేరుకొన్న దుమ్మును తుడిచి ఇవ్వగానే శబ్దము పోయినది. “బేటా, మీ చేతిలో బర్కత్ ఉన్నది” అని ఆమె ఒక గిన్నెడు షీర్ కుర్మా పంపినారు. నాటి నుండి గల్లీలోని ఇస్త్రీపెట్టెలు, టార్చిలైట్లు, టేబుల్ ఫ్యానులు మా వరండాకు నడిచి వచ్చేవి. బాగుచేసి బిగించిన తరువాత ఒక మర మిగిలిపోవుట మాకు పరిపాటి. మిగిలిన మరలను ఒక సీసాలో వేసేవారము. ఆ సీసా నిండుతూ పోయినదే కాని, ఆ మరలు ఏ వస్తువులో ఏ చోటును వదులు చేసి వచ్చినవో మేమెన్నడూ ఆలోచింపలేదు.

మా తల్లిగారు ఈ తతంగమునంతటినీ ఓర్పుతో భరించినారు. పోపు వాసనలో టంకపు పొగ కలిసినా, చాపపై కూర్చున్నప్పుడు తీగముక్క గుచ్చుకొన్నా ఆమె ఏమీ అనేవారు కాదు. చుట్టాలు వచ్చినప్పుడు “మా పిల్లలు రేడియో చేస్తరు” అని గర్వముగా చెప్పుకొనేవారు. ఆమె మమ్ములను అడిగినది ఒక్కటే. స్నానాల గది దీపము స్విచ్చి వదులై, రెండు మూడు సార్లు నొక్కితే గాని వెలిగేది కాదు. “నాయనా, అది కొంచెం చూడండి” అని ఎన్ని నెలలుగానో అడుగుతున్నారు. అది అయిదు నిమిషాల పని. అందులో నేర్చుకొనవలసినది ఏమీ లేదు. కనుకనే మేము చేయలేదు. ఊరివారి రేడియోలో సిలోన్‌ను బ్రతికించుటకు రాత్రి పన్నెండు వరకు మేలుకొన్న మాకు, మా తల్లి అడిగిన దీపమునకు తీరిక దొరకలేదు.

ఇక అసలు సంగతికి వస్తాము. 1989వ సంవత్సరము వేసవి. మా ఇంటి పైకప్పు సిమెంటు రేకులది. మే నెలలో మధ్యాహ్నము వేళ ఆ రేకుల క్రింద కూర్చుంటే తలపై నిప్పుల కుంపటి పెట్టుకొన్నట్లుండేది. కొన్న కూలరుకు మా తండ్రిగారి జీతము చాలదు. మనమే చేద్దామని మేము సంకల్పించినాము. కూలరులో మాయ ఏమీ లేదు. ఇనుప రేకు పెట్టెకు మూడు వైపుల గడ్డి తడికలు, అడుగున నీళ్ళు, ఆ నీళ్ళను పైకి తోడి తడికలపై చిలుకరించుటకు ఒక చిన్న పంపు, ముందు ఒక ఫ్యాను. నీరు ఆవిరి కావలెనంటే వేడి కావలెను. ఆ వేడిని అది గాలి నుండి తీసికొంటుంది, గాలి చల్లబడుతుంది. కుండలో నీరు చల్లనగుటకు, వట్టివేళ్ళ తడికలు కట్టిన పాతకాలపు హవేలీలు చల్లగా ఉండుటకు కారణము ఇదే. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి అంత త్వరగా అవుతుంది. కనుకనే సముద్రతీరమున ఉక్కకు లొంగిపోయే ఈ యంత్రము మన హైదరాబాదు వేసవిలో అమృతము కురిపిస్తుంది.

తండ్రిగారు వర్క్‌షాపులో తుక్కు రేకులు అడిగి తెచ్చి, ఒక ఆదివారము పెట్టెను వంచి ఇచ్చినారు. ఫ్యాను మా వద్ద ఉన్నదే. పంపును పాత సామానులో కొన్నాము. విద్యుత్తు పని అంతా మాదే. మా ఇంటి గోడకున్న ప్లగ్గుకు రెండే రంధ్రాలు. మూడవ తీగ, అనగా ఎర్త్ తీగ, కలుపుటకు ఇంటిలో చోటే లేదు. ‘రెండు తీగలతోనే ఫ్యాను తిరుగుతున్నది కదా, మూడవది ఎందుకు?’ అనుకొన్నాము. పుస్తకములో ఎర్తింగును గూర్చి చదివినాము. పరీక్షలో పటము గీసి మార్కులు తెచ్చుకొన్నాము. ఇంటికి వచ్చి దానిని కత్తిరించి పారవేసినాము. కూలరు తిరిగిన మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ దాని ముందు పడుకొన్నాము. ఖాలా కూడ వచ్చి కొంతసేపు కూర్చుని, కశ్మీరు వలె ఉన్నదని మెచ్చుకొన్నారు.

పది రోజులు గడిచినవి. ఒకనాడు తమ్ముడు కూలరు అంచును తాకి, చెయ్యి వెనుకకు తీసికొని నవ్వినాడు. చిమచిమలాడినదట. టెస్టరు పెట్టి చూసినాము. దానిలోని చిన్న దీపము సన్నగా వెలిగినది. మాకు భయము కలుగలేదు, వింతగా తోచినది. ‘ఆదివారము విప్పి చూద్దాము’ అనుకొన్నాము. అమ్మతో మాత్రము, కూలరును ముట్టుకొన్నప్పుడు చెప్పులు వేసికొమ్మని ఒక మాట అన్నాము. ఆమె వంటయింటిలో ఏదో పనిలో ఉన్నారు. విన్నారో లేదో మేము చూడలేదు.

శుక్రవారము మధ్యాహ్నము అమ్మ ఇత్తడి బిందెతో కూలరులో నీళ్ళు పోస్తున్నారు. కూలరు తిరుగుతూనే ఉన్నది. నేలపై నీళ్ళు చిందినవి. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. బిందె అంచు పెట్టెకు తగిలినది. మేము వరండాలో ఉన్నాము. కేక వినబడలేదు. బిందె క్రింద పడిన చప్పుడు మాత్రము విన్నాము. లోపలికి పోయి చూస్తే ఆమె కుడిచేయి పెట్టె అంచును బిగించి పట్టుకొని ఉన్నది. నోరు తెరచి ఉన్నది, మాట లేదు. మేము ఇద్దరము నిలబడిపోయినాము. విద్యుత్తును గూర్చి గల్లీలో అందరికంటె ఎక్కువ తెలిసినవారమని పేరుపొందిన మేము, కదలలేకపోయినాము. బిందె చప్పుడు విని ప్రక్క ఇంటి నుండి పరుగున వచ్చిన ఖాలా గడపలోనే చూసి, “మెయిన్ బంద్ కరో!” అని అరిచినారు. మేము కదలకపోవుట చూసి, ఆమెయే తలుపు ప్రక్కనున్న మెయిన్ స్విచ్చిని క్రిందికి లాగినారు. ఫ్యాను ఆగినది. అమ్మ నేలపై కూలబడినారు. ఖాలా ఏ పాఠశాలలోనూ విద్యుత్తును చదువలేదు.

దైవము దయ వలన ఆమె బ్రతికినారు. అరచేతిలో రెండు చోట్ల కాలినది. డాక్టరుగారు కట్టుకట్టి, ఒక పూట ఉంచుకొని పంపివేసినారు. సాయంకాలము తండ్రిగారు వచ్చి, ఏమి జరిగినదని అడిగినారు. మేము నోరు తెరువకముందే అమ్మ అన్నారు: “తడిచేత్తో ముట్టుకున్న. నాదే తప్పు.”

ఆ మాటను మేము కాదనలేదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఏదైనా ఉన్నదంటే అది ఇదే. కూలరు చేసినది మేము. మూడవ తీగను కత్తిరించినది మేము. చిమచిమ తెలిసి, టెస్టరు వెలుగుట చూసి ఆదివారమునకు వాయిదా వేసినది మేము. కాని తప్పు తనదని ఆమె అన్నప్పుడు, మా మనస్సులకు ఊరట కలిగినది. చుట్టుపక్కలవారు వచ్చి, “తడిచేత్తో కరెంటు ముట్టవచ్చునా అమ్మా” అని ఆమెనే మందలించి పోయినారు. ఆమె తల ఊపినారు. మేము టీలు అందించినాము. మూడు దినములు అట్లే గడిచినవి.

మూడవ నాటి రాత్రి నిద్రపట్టక, లాంతరు వెలుతురులో పంపును విప్పినాము. చుట్టపైనున్న వార్నిషు పూత ఒక చోట మాడి, రాగి కనబడుతున్నది. ఆ రాగి నుండి నీటికి, నీటి నుండి ఇనుప పెట్టెకు, పెట్టె నుండి మా తల్లి చేతికి దారి ఏర్పడినది. పూత పూర్తిగా పోలేదు గనుక ప్రవాహము కొంత తగ్గినది. అందుచేతనే ఆమె దక్కినారు. ఆ పంపును చేతపట్టుకొని పోయి తండ్రిగారిని లేపి, సర్వము చెప్పినాము. ఆయన కొట్టలేదు. చాలాసేపు పంపును త్రిప్పి చూసినారు. పిమ్మట మెల్లగా అన్నారు: “వర్క్‌షాపుల యంత్రం మనిషిని పట్టుకుంటే, మొదట అందరు అనే మాట ‘వాడికే జాగ్రత్త లేదు’ అని. ఇన్నేండ్లు ఆ మాట విని నేను కడుపుల మంట పెట్టుకున్న. ఇప్పుడు నా ఇంట్లనే అదే మాట అయింది.” అంతకంటె ఆయన ఏమీ అనలేదు. తెల్లవారిన తరువాత గడ్డపార, పార తెచ్చి మా ముందు పెట్టినారు. తల్లిగారి వద్దకు పోయి మేము చెప్పవలసినది చెప్పినాము. ఆమె కట్టు కట్టిన చేతితోనే మా తలలు నిమిరి, “పోనీయండి” అన్నారు. ఆ రోజు మొదట స్నానాల గది స్విచ్చిని మార్చి, తరువాత గొయ్యి త్రవ్వుట మొదలుపెట్టినాము.

ఎర్తు గొయ్యి త్రవ్వుట ఉప్పల్‌లో సులభమైన పని కాదు. హైదరాబాదు నేల క్రింద ఉన్నది సుమారు రెండువందల యాభై కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు. పై మట్టి రెండడుగులు, తరువాత మొరము, ఆ తరువాత గడ్డపారకు నిప్పురవ్వలు లేచే బండ. రెండున్నర మీటర్ల ఇనుప గొట్టము నిలువునా దిగవలెను. దాని చుట్టు బొగ్గులు, ఉప్పు పొరలుగా వేయవలెను. పైన నీళ్ళు పోయుటకు గరాటు అమర్చవలెను. ఒక చోట బండ తగిలితే మరొక చోట, అక్కడ తగిలితే ఇంకొక చోట. నాలుగు దినములు త్రవ్వినాము. చేతులు బొబ్బలెక్కినవి. ఆ బొబ్బలు మాకు కొంత శాంతిని ఇచ్చినవని ఒప్పుకొంటాము.

త్రవ్వుతూ త్రవ్వుతూ, పుస్తకములో చదివి మరచిన లెక్కలను మళ్ళీ వేసినాము. తడిసిన మానవ శరీరపు నిరోధము సుమారు వెయ్యి ఓములు. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. ఒక మిల్లీ ఆంపియరు చర్మమునకు చిమచిమగా తెలుస్తుంది. పది దాటితే కండరాలు బిగిసి, పట్టినదానిని విడువలేము. అమ్మ చేయి విడువలేకపోవుటకు కారణమిది. ముప్పది దాటి కొంతసేపు సాగితే గుండె లయ తప్పే ప్రమాదమున్నది. మరి ఇంటిలోని ఫ్యూజు? అది అయిదు ఆంపియర్లది, అనగా అయిదువేల మిల్లీ ఆంపియర్లది. మనిషి ప్రాణము పోయినా ఆ ఫ్యూజు పోదు. ఫ్యూజు కాపాడేది తీగలను, మనుష్యులను కాదు. ఈ ఒక్క సత్యము మాకు అంతకుముందు తట్టలేదు.

ఎర్తు తీగ చేసే ఉపకారము వేరు. పెట్టెకు విద్యుత్తు తగిలిన వెంటనే, మనిషికంటె సులభమైన దారిని చూపి భూమిలోకి పంపుతుంది. ఆ ప్రవాహము పెద్దదై ఫ్యూజు కాలిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడవుగా ఉండుటకు కారణము, అది అందరికంటె ముందు కలిసి, అందరికంటె చివర విడిపోవలెనని. కాని ఇక్కడ మన నేల ఒక మెలిక పెడుతుంది. మట్టి తడిగా ఉంటేనే విద్యుత్తును తీసికొంటుంది. మా పొరుగున ఉన్న భూభౌతిక శాస్త్రజ్ఞులు నేలలో కడ్డీలు దింపి, విద్యుత్తు పంపి, నిరోధమును కొలిచి నీటి జాడను కనుగొనుటలో ఉన్న సూత్రము ఇదే. వేసవిలో బండనేల ఎండి గొయ్యి నిరోధము యాభై ఓములకు పెరిగినదనుకొందాము. 230ని యాభైతో భాగిస్తే నాలుగున్నర ఆంపియర్ల చిల్లర; అయిదు ఆంపియర్ల ఫ్యూజు కదలదు, పెట్టె అట్లే విషముతో నిండి ఉంటుంది. అనగా కూలరు తిరిగే కాలములోనే ఎర్తు బలహీనపడుతుంది. అందుచేత వేసవి నాలుగు నెలలు గొయ్యిలో నీళ్ళు పోయుట మా ఇంట తులసికి నీళ్ళు పోయుట వంటి నియమమైనది. 1990ల చివర, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన తరువాత, ముప్పది మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా రెప్పపాటులో సరఫరాను ఆపివేసే ఆర్.సి.సి.బి.ని కూడ పెట్టించినాము. అది ఫ్యూజు వలె తీగలను కాక, మనిషిని దృష్టిలో పెట్టుకొని చేసిన యంత్రము. నెలకొకసారి దానిపైనున్న పరీక్ష మీటను నొక్కి చూచుట నేటికీ మానలేదు.

ఆ వేసవి తరువాత మా అభిరుచి ఆగిపోలేదు. ఆగవలెనని మా తల్లిగారే కోరలేదు. “చేసే చేతులు ఊరికె కూర్చోవద్దు” అనేవారు. కాని పని తీరు మారినది. బల్లపై మూడు నియమాలు వ్రాసి అంటించుకొన్నాము. మొదటిది: మర మిగిలితే పని ముగియలేదు. రెండవది: అనుమానము వచ్చిన వస్తువును ఆ క్షణమే తీగ ఊడదీయవలెను, ఆదివారము వరకు ఆగరాదు. మూడవది: ఏ వస్తువునైనా, దానిని గూర్చి ఏమీ తెలియని మనిషి తడిచేత్తో, ఒట్టికాళ్ళతో ముట్టుకొంటుందని తలచుకొని చేయవలెను. ఈ మూడవ నియమము పెట్టుకొన్న తరువాత, మాకు తెలియకుండానే మేము చేసే పనులు కూడ మారినవి. గల్లీలో రేడియోలకంటె ముందు నీళ్ళ మోటార్ల తీగలు, బట్టలారవేసే ఇనుప దండెములకు తగులుతున్న సర్వీసు వైర్లు చూచుట మొదలుపెట్టినాము. ఖాలా ఇంటికి రెండవ ఎర్తు గొయ్యి త్రవ్వినాము. ఆ బండను గూర్చి ఇంకొకసారి వర్ణింపము.

హైదరాబాదులో ఈ విద్యకు పెద్ద గౌరవము తెచ్చినవారు ఉన్నారు. 1983లో ఇక్కడ స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వారు, తుపానులు భూకంపాలు వచ్చి తీగలన్నీ తెగినప్పుడు తమ చిన్న ట్రాన్స్‌మిటర్లతో వార్తలను అందించినారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, సరదాగా రేడియో ప్రయోగాల కొరకు అండమాన్‌కు పోయి ఉన్న ఈ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్‌గారు, ఆ సరదాను ప్రక్కకు పెట్టి పోర్ట్ బ్లేయర్ నుండి క్షేమసమాచారాలు పంపినారు. అభిరుచి ఇంకొకరి అక్కరకు వచ్చుట ఎట్లుంటుందో ఆ వార్త చదివినప్పుడు మాకు తెలిసినది. మా స్థాయి వేరు. మా ద్వీపము మా వంటయిల్లే.

నేడు ఉప్పల్ ఆ ఉప్పల్ కాదు. 2007లో అది హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసినది; రేకుల ఇండ్లు అంతస్తులైనవి. వస్తువులు కూడ మారినవి. నేటి సెల్‌ఫోనుకు మరలు కనబడవు. జిగురుతో మూసి ఉంటాయి. విప్పుకొనే హక్కును గూర్చి 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక సంఘమునే నియమించినది. విప్పే హక్కు ఉండవలెనని మేమును కోరుతాము. కాని విప్పిన చేతికి ఒక బాధ్యత కూడ ఉన్నది. నేడు లిథియం బ్యాటరీలు, ఇన్వర్టర్లు, స్కూటరు ఛార్జర్లు మన పడకగదుల వరకు వచ్చినవి. వాటి దగ్గర నిద్రించేవారు వాటిని విప్పినవారు కారు, విప్పినవారిని నమ్మినవారు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎందరో మీ ఇండ్లలో ఇట్టి ప్రయోగశాలలు నడుపుతూ ఉంటారు. నడపండి. పుస్తకము చెప్పలేనిది చేయి చెబుతుంది. అయితే, మీ నేర్పును మెచ్చుకొనేవారి కొరకు చేసిన పనికంటె, మీ ఇంటిలో ఎవరో ఎన్నాళ్ళుగానో అడుగుతున్న అయిదు నిమిషాల పనిని ముందుగా చేయండి. పొరపాటు జరిగినప్పుడు, అది నాదేనని ఇంకొకరు తలవంచితే, ఆ తలను వంచనీయకండి.

మా తల్లిగారు వృద్ధులైనారు. అరచేతిలోని మచ్చలు ఇప్పుడు ముడతలలో కలిసిపోయినవి. కాని నేటికీ ఏ స్విచ్చిని నొక్కబోయినా, ముందుగా కొంగుతో చేయి రెండుసార్లు తుడుచుకొంటారు. మనుమలు ఆమె జాగ్రత్తను చూసి మెచ్చుకొంటారు. మేము ఇద్దరము ఆ క్షణమున ఒకరి ముఖము ఒకరము చూచుకొనము.